అవ్వ చెప్పిన ఆఖరి రీలు

ఈమధ్య మా ఊరు ధర్మవరంలో బంధువుల పెళ్లికి వెళ్లాను. పొడవాటి బల్లల మీద ఆకులు వేసి, అన్నం పెట్టి, సాంబారు పోశారు. నా అన్నం మీద పోసిన సాంబారు నా ఆకులో నిలవలేదు. మెల్లగా అంచు దాటి, పక్కన కూర్చున్న పెద్దాయన ఆకులోకి చేరింది. ఆయన దాన్నీ కలుపుకుని తిన్నాడు. అలవాటైనవాడిలా ఉన్నాడు.

వంగి కింద చూశాను. నేల వాలుగా ఉంది. వెనక గోడ పైన, సున్నం కొట్టిన చోట, పూడ్చేసిన చదరపు కిటికీల గుర్తులు రెండు కనిపించాయి. అప్పుడు తెలిసింది, అవి సినిమా మిషన్ల కిటికీలని, నేను కూర్చున్నది మా ఊరి మొదటి సినిమా హాలులోనని. మిగతా భోజనం ఎలా చేశానో గుర్తు లేదు. మా అవ్వ గుర్తుకొచ్చి ఒకటే నవ్వు.

ఆ హాలు రాకముందు మా ఊరికి టెంటు ఉండేది. శెనక్కాయలు పీకేసిన చేలో, రైల్వే స్టేషను అవతల, పెద్ద డేరా వేసేవాళ్లు. వానలకు ముందు ఎత్తేసి, వానలు తగ్గాక మళ్లీ వేసేవాళ్లు. దాని యజమానిని ఊరంతా టెంటాయన అనేది. మనిషి ఆరడుగుల పొడవు, మాట మాత్రం చిన్నపిల్లవాడి మాటలా సన్నగా ఉండేది. సినిమా పెట్టెలు బెంగుళూరు నుంచి రైల్లో వచ్చేవి. ముందు హిందూపురంలో ఆడి, తర్వాత పెనుకొండలో ఆడి, ఆఖరుకు మాకు చేరేవి. మా దాకా వచ్చేసరికి రీళ్లన్నీ గీతలు పడి, ఏ సినిమా చూసినా తెర మీద వాన కురుస్తున్నట్టే ఉండేది. వాన మొహం చూడని ఊరు మాది. అదైనా కురిసిందని సంతోషపడేవాళ్లం.

మా ఇంట్లో టెంటు మా అవ్వది. అంటే ఆమె అలా అనుకునేది. అవ్వ మా నాయనకు అమ్మ. నాయన మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. అవ్వ పొద్దున లేచింది మొదలు సాయంత్రం దాకా పట్టుదారం కండెలు చుట్టేది. దీపాలు పెట్టే వేళకు చాప చుట్టి చంకన పెట్టుకుని, కొంగులో వేయించిన శెనక్కాయలు, బొరుగులు కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని టెంటుకు బయల్దేరేది. ఆడవాళ్ల వైపు నడిమి గుంజ పక్కన ఆమె చోటు. అక్కడ వేరే ఎవరైనా కూర్చుంటే అవ్వ వాళ్ల ముందు నిలబడి, చాప విప్పకుండా చూస్తూ ఉండేది. వాళ్లే లేచి జరిగేవాళ్లు.

టెంటులో సినిమా ఆడించే మిషను ఒకటే. ఒక రీలు అయిపోతే అది తీసి ఇంకొకటి ఎక్కించేదాకా దీపం వేసి ఉంచేవాళ్లు. ఆ సందులో బీడీ పొగ, తడి ఇసుక, మూలన ఆయిల్ ఇంజను కంపు అన్నీ కలిసి ముక్కుకు తగిలేవి. ఆ సందే అవ్వది. అంతవరకు ఏం జరిగిందో, ఎవరు మంచివాళ్లో, ఎవర్ని నమ్మకూడదో, రాబోయే రీలులో ఏం జరుగుతుందో చుట్టూ ఉన్నవాళ్లకు విడమర్చి చెప్పేది. మాటలు సరిగా వినిపించని టెంటులో ఆమె చెప్పిందే చాలామందికి సినిమా. పరదా అవతల మగవాళ్లు కూడా మాటలాపి వినేవాళ్లు. ఒక్కోసారి టెంటాయన రీలు ఎక్కించి కూడా, అవ్వ మాట పూర్తయ్యేదాకా దీపం ఆర్పేవాడు కాదు.

పిల్లలం మా పనుల్లో మేముండేవాళ్లం. ముందువాళ్ల తలలు అడ్డమొస్తాయని ఇసుక కుప్ప చేసుకుని దానిమీద కూర్చునేవాళ్లం. మా కుప్ప చూసి వెనకవాళ్లు ఇంకా పెద్ద కుప్ప చేసేవాళ్లు. సినిమా సగమయ్యేసరికి టెంటు నిండా గుట్టలు, గుంతలు. ముందువాళ్ల కిందినుంచి ఇసుక మెల్లగా లాగేస్తే, ఏడుపు సన్నివేశంలో ఉన్న పెద్దామె ఉన్నట్టుండి ఒక పక్కకు ఒరిగిపోయేది.

ఇలా నడుస్తుండగా, ఊళ్లో పట్టుచీరల షావుకారు ఒకాయన పక్కా హాలు కట్టించాడు. సిమెంటు నేల, రేకుల కప్పు, ఫ్యాన్లు, మడత కుర్చీలు. ప్రారంభం రోజు ఊరి పెద్దవాళ్లతో పాటు మా అవ్వనూ పిలిచారు. ఆమె కొత్త చీర కట్టుకుని, చాప చంకన పెట్టుకునే వచ్చింది. గేటు దగ్గర చాప తీసి పక్కన పెట్టించారు. అక్కడే ఆమె మొహం మారింది.

ఆ కుర్చీలు మనం లేస్తే వాటంతట అవే మూసుకుంటాయి. అవ్వ కుర్చీని చేత్తో కిందికి నొక్కింది, ఇటు తిరిగింది, కూర్చోబోయింది. ఆ తిరిగినంతలో కుర్చీ మూసుకుంది. అవ్వ నేల మీద కూర్చుంది. సీట్లు చూపించే టార్చిలైటు వాడు పరుగున వచ్చి లేపబోతే, ఈడ బాగానే ఉండాది, పొమ్మంది. రెండు వరసల మధ్య, అందరి కాళ్ల దగ్గర కూర్చుని సినిమా చూసింది. అది కూడా భరించేదేమో. కానీ హాలులో మిషన్లు రెండు. రీలుకు రీలుకు మధ్య సందే లేదు. అవ్వ కథ చెప్పడం మొదలుపెట్టగానే వెనక నుంచి ఎవరో శ్‌ అన్నారు. ఆమె వినిపించుకోలేదు. మళ్లీ అన్నారు. టార్చిలైటు వాడు మళ్లీ వచ్చి, మొహం మీద వెలుగు వేసి, గమ్మునుండాలని చెప్పాడు.

ఇంటికొచ్చాక అవ్వ ఒక్క మాటే అంది. "అది సినిమా హాలు కాదు, ఆసుపత్రి."

ఆ తర్వాత ఆమె ఆ వీధిలో నడవడం కూడా మానేసింది. కానీ ఊరు అవ్వ మాట వినలేదు. వాన వచ్చినా ఆట ఆగదు, చీరకు ఇసుక అంటదు, అన్నిటికీ మించి మధ్యాహ్నం ఆట ఉంది. టెంటుకు పగటిపూట ఆట లేదు, గుడ్డలోంచి వెలుతురు వస్తుంది కాబట్టి. వంటలు ముగించి, మగ్గాలు ఆగిన వేళ ఆడవాళ్లు హాలుకు బారులు తీరారు. టెంటాయన ఊరుకోలేదు. బండికి డప్పు కట్టి, రంగు కాగితాలు విసురుతూ ఊరంతా తిరిగాడు. కాగితాల కోసం ఊరి పిల్లలంతా బండి వెనక పరిగెత్తారు, టెంటుకు మాత్రం రాలేదు. ఆడవాళ్లకు గేటు దగ్గర ఆకూవక్కా, కుంకుమా ఇవ్వడం మొదలుపెట్టాడు. కొందరు తాంబూలం తీసుకుని, కుంకుమ పెట్టుకుని, అక్కడినుంచి హాలుకు వెళ్లారు.

అదే కాలంలో మా అత్త వచ్చింది. నాయనకు చెల్లెలు, హిందూపురంలో పట్టుగూళ్ల వ్యాపారి ఇంటికి కోడలు. హిందూపురంలో సినిమాలన్నీ ముందే చూసేసి, మాకు రాకముందే ఆఖరు చెప్పేస్తుందని అవ్వ ఆమె నోటికి ఎప్పుడో తాళం వేసింది. అత్త మాటలో సగం కన్నడం.

"దుడ్లు ఇచ్చి ఇసుకలో కూచునేదేంటికమ్మా? సుమ్నె, గమ్మున హాలుకు రా," అంది అవ్వతో. అవ్వ కండె చుట్టడం ఆపలేదు.

ఒక మధ్యాహ్నం అత్త, అమ్మ గాజులు వేయించుకునేందుకని చెప్పి నన్ను తీసుకుని బయల్దేరారు. గాజుల అంగడి దాటిపోయాం. నేను అడగబోతే అత్త నా చేయి నొక్కింది. హాలులో అడుగుపెట్టి, తలుపులు మూయగానే పట్టపగలు చీకటైంది. నాకు అది సినిమా కన్నా వింత. అమ్మ ఆ సినిమా చూసి వెక్కి వెక్కి ఏడ్చింది. బయటికొస్తే ఎండ మొహం మీద కొట్టింది. ఇంటికి చేరేసరికి అమ్మ కళ్లు వాచి ఉన్నాయి, చేతికి కొత్త గాజులు లేవు.

అవ్వ చూసింది. అత్తే ఏదో అని కోడల్ని ఏడిపించిందని తేల్చుకుంది. పుట్టింటికొచ్చిన కూతురు ఎలా ఉండాలో, వదినను ఎలా చూసుకోవాలో చెబుతూ అత్తను ఉతికి ఆరేసింది. అత్త నిజం చెప్పలేక తల వంచుకుని తిట్లు తింది. అమ్మ నోరు విప్పలేక ఇంకా ఏడ్చింది. మగ్గం గుంతలో కూర్చున్న నాయనకు జాలేసింది.

"పోనీలేమ్మా, ఆ సినిమాకు ఎవురైనా ఏడుస్తారు," అన్నాడు.

నాయన చేసిన పని ఆయనకే కాసేపటికి అర్థమైంది. పట్టుదారానికి అద్దే రంగు తేవాలని ఆయన కూడా మధ్యాహ్నాలు బయటికి వెళుతుండేవాడు. అవ్వ ఒక్కొక్కరి మొహం చూసింది, నా మొహం కూడా. తిట్టి ఉంటే బాగుండేది. సాయంత్రం చాప తీసుకుని, నన్ను కూడా పిలవకుండా, ఒక్కతే టెంటుకు వెళ్లిపోయింది. వాకిట్లో నిలబడి ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూశాం. నాయన ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసి లేచాడు.

మరుసటి సాయంత్రం ఇంట్లో అందరం, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే, కాళ్లు కడుక్కుని తయారయ్యాం. అత్త హిందూపురం వెళ్లిపోయింది గానీ, లేకపోతే ఆమె కూడా వచ్చేది. అవ్వ వెనక వరసగా నడిచాం. మా వీధివాళ్లు కూడా కొందరు కలిశారు. నడిమి గుంజ పక్కన చాప పరిచి, అవ్వ మాకు ఒక్కొక్కరికీ శెనక్కాయలు పంచింది. అదే ఆమె క్షమించడం.

ఆ రోజు సినిమాలో ఒక ఇల్లాలు. మొగుడు దూరదేశం పోయి ఉంటాడు. మొగుడి పినతండ్రి ఆమె మీద దొంగతనం మోపి, చంటిబిడ్డతో సహా ఇంట్లోంచి గెంటేస్తాడు. ఆమె నడిచి నడిచి, వరదొచ్చిన ఏటి గట్టున బిడ్డనెత్తుకుని నిలబడుతుంది. సరిగ్గా అక్కడ గాలి లేచింది.

మొదట తెర ఊగింది. ఏటి గట్టు మీదున్న ఆమె కూడా ఊగింది. మేం అది సినిమాలోదే అనుకున్నాం. తర్వాత మేకులు లేచిన చప్పుడు, ఇంజను ఆగిపోవడం, చీకటి. డేరా ఒక్కసారిగా పడలేదు. పెద్ద గొడుగు మూసినట్టు మెల్లగా మా మీదికి దిగింది. వెనక బెంచీలు, సగం ఒరిగిన నడిమి గుంజ ఆపడంతో తలల పైన జానెడు ఎత్తులో నిలిచింది. దాని మీద వాన దబదబా మొదలైంది. నిజమైన వాన.

పిల్లలు ఏడుపు అందుకున్నారు. ఎవరో లేచి పరిగెత్తబోయి ఎవరి మీదో పడ్డారు. గుంజను రెండు చేతులా వాటేసుకుని టెంటాయన సన్నటి గొంతుతో కదలొద్దని మొత్తుకున్నాడు. గుంజ జారితే అంత బరువూ జనం మీద పడుతుందని ఆయన భయం. ఎవరూ వినే స్థితిలో లేరు.

అప్పుడు అవ్వ మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు. రీలుకు రీలుకు మధ్య ఎలా చెప్పేదో అలాగే చెప్పింది. ఆ పిల్ల ఏట్లో దూకుతుందని అనుకున్నారు కదా, దూకలేదు, అంది. వెనక్కి తిరిగి నడిచింది. రైలు స్టేషనుకు వచ్చింది. రైలెక్కి ధర్మవరంలో దిగింది.

మగవాళ్ల వైపు మెల్లమెల్లగా సద్దుమణిగింది. ధర్మవరం అనేసరికి అందరికీ చెవులు మొలిచాయి.

దిగి, ముక్కూమొహం తెలియని ఊళ్లో ఒక మగ్గం ఇంటి అరుగు మీద కూర్చుంది. ఆ ఇంటివాళ్లు సంగటి ముద్ద పెట్టారు. ఊరికే తినబుద్ధి కాక, పక్కనున్న పట్టుదారం తీసుకుని కండె చుట్టింది. మొదటిరోజు చుట్టిందంతా చిక్కుపడింది. మరుసటి రోజు సగం బాగుంది. ఇలా అవ్వ ఆమెకు పని నేర్పింది, ఇల్లు చూపించింది, గంజి కాచుకునే పొయ్యి పెట్టించింది. పినతండ్రి ఏమయ్యాడని మగవాళ్ల వైపునుంచి ఒకాయన అడిగాడు. వాడికి తేలు కుట్టిందని అవ్వ చెప్పింది. చాలదు అన్నాడాయన. ఇంకోటి కుట్టిందని చెప్పింది. చీకట్లో నవ్వులు.

గుంజను పట్టుకున్న టెంటాయన అడిగాడు. "పిల్లోడు బతికినాడా అవ్వా?"

"బతక్కుండా యాడికి పోతాడప్పా? నేనుండగా," అంది అవ్వ.

ఆఖరుకు మొగుడు తిరిగొచ్చాడు. ఊరూరా వెతికి, ధర్మవరంలో మగ్గాల వీధికొచ్చి, భార్యను చూసి చేతులు పట్టుకోబోయాడు. ఆమె అరుగు చూపించి, కండె అయిపోయేదాకా అక్కడ కూర్చోమంది. అతను కూర్చున్నాడు. సాయంత్రమైంది. ఆమె లేచి దీపం పెట్టి, కాళ్లకు నీళ్లిచ్చి లోపలికి రమ్మంది. అంతే కథ, అంది అవ్వ. ఆ కాస్సేపటికి వాన తగ్గింది. బయటినుంచి జనం వచ్చి గుడ్డ ఎత్తి ఒక్కొక్కర్నీ బయటికి లాగారు. ఒకరికి మోచెయ్యి గీసుకోవడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. డేరా మాత్రం నిలువునా చినిగిపోయింది.

మరుసటి రోజునుంచి ఊళ్లో ఆ సినిమా ఆఖరు అదే. పూలమ్మే ఆమె చెప్పింది, పాలాయన చెప్పాడు, టెంటు మొహం చూడనివాళ్లు కూడా చెప్పారు. కథలో మన ఊరు వచ్చిందని అందరికీ గర్వం. అది అవ్వ కల్పించిందన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. మళ్లీ వచ్చిన అత్త బజారులో ఈ కథ విని బిత్తరపోయి ఇంటికొచ్చింది. హిందూపురంలో తాను చూసిన దాంట్లో అలా లేదంది.

"హిందూపురంలో అట్ల చూపించింటారు. ఈడ వేరే," అంది అవ్వ.

హాలు షావుకారు మాత్రం ఊరుకోలేదు. ఊరంతా ఆ సినిమా గురించే మాట్లాడుకోవడం చూసి, అదే పెట్టెను తెప్పించి మధ్యాహ్నం ఆటకు వేశాడు. ఊరంతా కదిలింది. మగ్గాలు ఆగిపోయాయి. మా వీధి ఆడవాళ్లు అవ్వను తీసుకెళ్లడానికే మా ఇంటికొచ్చారు. ఆమె రానంటే బాగుండదు, వస్తే ఏమవుతుందో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. అవ్వ కాసేపు కండెలు సర్దింది. తర్వాత లేచి చీర మార్చుకుంది. దారి పొడవునా అమ్మ నా చేయి వదల్లేదు.

ఆ రోజు టార్చిలైటు వాడు అవ్వకు కుర్చీ తానే నొక్కి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆమె కుర్చీ అంచున, దిగిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంది. ఏటి గట్టు వచ్చింది. హాలంతా ముందుకు వంగింది. తెర మీది ఇల్లాలు బిడ్డను గట్టు మీద పడుకోబెట్టి, ఆకాశం చూసి దణ్ణం పెట్టి, ఏట్లో దూకేసింది. తర్వాత మొగుడొచ్చి ఆమె పటానికి దండ వేసి పాట పాడాడు. దీపాలు వెలిగాయి.

ఎవరూ లేవలేదు. ముందు వరసలో పూలమ్మే ఆమె వెనక్కి తిరిగి అవ్వ వైపు చూసింది. తర్వాత ఇంకొకరు. తర్వాత అందరూ. నేను కుర్చీలో కిందికి జారాను.

అవ్వ కళ్లు తుడుచుకుంది. లేచి నిలబడింది. కుర్చీ వెనక టప్పున మూసుకుంది.

"వాళ్లు తొందరపడినారు. ఆ పిల్ల ఇంకొంచెం సేపు నిలబడింటే తిరిగొచ్చేది," అంది.

పూలమ్మే ఆమె తల ఊపింది. నిజమే కదా అన్నారు ఎవరో. బయటికి నడుస్తూ అందరూ సినిమా తీసినవాళ్లను తిట్టారు, అవ్వను కాదు. రైలెక్కించి ఉంటే ఏం పోయేదని మగవాళ్లు గేటు దగ్గర షావుకారునే నిలదీశారు. ఆయన తాను తీయలేదని చెప్పుకోలేక చేతులు జోడించాడు. ఆ సినిమా మా ఊళ్లో మళ్లీ ఆడలేదు.

ఇంటికొచ్చాక అవ్వ కండెల ముందు కూర్చుంది. అత్త ఆమె ఎదురుగా కూర్చుని చాలాసేపు చూసింది. మా తాత చనిపోయాక కొత్తచెరువు ఊళ్లో తాత తరఫువాళ్లు అవ్వను ఇంట్లో ఉండనివ్వలేదని మేం ఎప్పుడో చూచాయగా విన్నాం. అప్పుడు నాయన చంకలో, అత్త కడుపులో. అంతకుమించి ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు.

"అమ్మా, ఆ పిల్ల రైలు దిగి వచ్చిన కత నీదే గదా," అని అడిగింది అత్త.

"రైలు యాడిదే? నడిచే వచ్చినా," అంది అవ్వ, దారం తెగకుండా చూసుకుంటూ. "రైలూ, మొగుడూ సినిమా కోసం పెట్టినా."

నాయన మగ్గం ఆపి కూర్చున్నాడు. అత్త లేచి అవ్వ పక్కన చేరి, తనకు రాని పని అయినా, ఒక కండె చేతిలోకి తీసుకుంది. చిక్కు పెట్టింది. అవ్వ తిట్టింది.

టెంటాయన మా ఊళ్లో మళ్లీ డేరా వేయలేదు. చినిగిన గుడ్డను కుట్టించుకుని, ఎద్దులబండ్ల మీద వేసుకుని, పక్కా హాలు ఊసే లేని ఆమడగూరు వైపు వెళ్లిపోయాడు. పోయే ముందు మా ఇంటికొచ్చి అవ్వ చేతి బొరుగుల ఉగ్గాని తిన్నాడు. అక్కడ తొలి ఆట అదే సినిమా వేశాడట. ఏటి గట్టు రాగానే మిషను ఆపేసి, దీపం వేయించి, తన సన్న గొంతుతో మిగతా కథ తానే చెప్పాడట. ఆ ముక్క మాకు సంతల్లో తిరిగే చీరల వ్యాపారి ఒకాయన చెప్పాడు.

తర్వాత మా ఊళ్లో ఇంకా పెద్ద హాళ్లు వచ్చాయి, రంగుల సినిమాలు వచ్చాయి, ఇళ్లలోకి టీవీలు వచ్చాక ఒక్కొక్కటే మూతపడ్డాయి. వాటిలో ఎన్ని సినిమాలు చూశానో లెక్క లేదు, ఏ ఒక్కదాని ఆఖరూ సరిగా గుర్తు లేదు. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆమడగూరులో ఆ రోజు ఇసుకలో కూర్చుని సినిమా చూసినవాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే, వాళ్ల లెక్కలో ఆ ఇల్లాలు ఇంకా ధర్మవరంలోనే బతుకుతూ ఉంటుంది.